లేబుల్ అంటించిన పెంకులు

సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి, నరసరావుపేటలో ఆదెమ్మ ఇంటి వెనక గదికి వేసిన లక్క సీలు ఊడదీశారు. పన్నెండు గంటలకు కృపావరం కేసు మూసేస్తూ రిపోర్టు గుంటూరు వెళ్ళిపోతుంది. ఆలోపల, అతను తనంతట తాను చావలేదని ఫిలోమినా తేల్చాలి.

ఫిలోమినా రాజమండ్రి జైల్లో ఆడ ఖైదీల దగ్గర ఇరవై రెండేళ్ళు వార్డరుగా చేసి, ఇప్పుడు గుంటూరులో ఒక ప్లీడరు గారికి వాకబు పనులు చూస్తున్నది. ముప్ఫై దాటాక ఒక ఖైదీ దగ్గర అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఏ కాగితమైనా కూడబలుక్కుంటూ నిదానంగా చదువుతుంది. చదువుకున్నవాళ్ళ కళ్ళు జారిపోయే చోట ఆమె కళ్ళు ఆగుతాయి.

ఆమె వెనకాల గోడకు ఆనుకుని ప్రేమమ్మ నిలబడింది. కృపావరం భార్య. నాగార్జునసాగర్ పనిలో ఆరేళ్ళుగా రాళ్ళు మోస్తున్నది. రాయి కింద గుడ్డ చుట్టకుదురు పెట్టీ పెట్టీ నడినెత్తిన జుట్టు పలచబడిపోయింది. మొన్న గురువారం మొగుడు చచ్చిపోయినప్పుడు కూడా ఆమె తల మీద రాయే ఉంది. పురుగుమందు తాగి చచ్చినవాడికి సమాధుల దొడ్డిలో చోటు లేదని పాస్టరు గారు అన్నారు. గంట కొట్టలేదు. శుక్రవారం సాయంత్రం దొడ్డి గోడ బయట, ముళ్ళకంపల పక్కన గొయ్యి తీసి పూడ్చారు. నిన్న ఆమె గుంటూరు వచ్చి ప్లీడరు గారి అరుగు మీద కూర్చుని ఒక్కటే అడిగింది: ఆయన్ని గోడ లోపలికి తేవాలి.

గుమ్మంలో ఎస్సై వీరాంజనేయులు అడ్డంగా నిలబడ్డాడు.

"జైల్లో తాళాలు వేసిన చేతులమ్మా నీవి. ఇది తాళం తీసే పని. మాకొదిలెయ్."

"తాళం వేసిన దానికే తెలుసుద్దండీ, లోపలుండాల్సిన వాళ్ళు ఎంతమంది బయట తిరుగుతున్నారో," అని ఫిలోమినా అతని మోచేతి కింద నుంచి లోపలికి వెళ్ళింది.

గదిలో ఒక చాప, ఒక హార్మోనియం, కిటికీ కింద ఖాళీ ఎండ్రిన్ పురుగుమందు డబ్బా, ఒక గాజు గ్లాసు. మూలన మోకాలెత్తున గ్రామఫోను ప్లేట్ల పెంకులు.

ఎస్సై చెప్పిన కథలో వంకర లేదు. కృపావరం ఊళ్ళమ్మట పాటలు పాడుకునేవాడు. ఎవరూ తన పాట ప్లేటుకెక్కించడం లేదని, సొంత ఖర్చున మద్రాసు పోయి ఒక కంపెనీలో పాడాడు. ఒకవైపు కీర్తన, రెండోవైపు రాళ్ళు మోసే ఆడవాళ్ళ పాట. సొంతాన పాడించుకునేవాళ్ళకు రెండు వందల ప్లేట్లకు తక్కువ అచ్చు పొయ్యరు. ఇంట్లో ఉన్నదంతా అందులోనే పోసేశాడు. గురువారం పది యాభైకి రైల్లో పెట్టె వచ్చింది. పదకొండున్నరకు సంతకం పెట్టి విడిపించుకున్నాడు. పన్నెండుంబావుకు బండి మీద గదికి చేర్చాడు. మూత తీస్తే లోపల అన్నీ ముక్కలు. గుండె పగిలి ఎండ్రిన్ తాగాడు. మూడున్నరకు ఇంటామె ఆదెమ్మ చూసింది.

ఫిలోమినా గ్లాసు వాసన చూసింది. నాలుగు రోజులైనా మిరియాల ఘాటు పోలేదు.

పాడబోయే ముందు మిరియాల కషాయం తాగడం అతని అలవాటని ప్రేమమ్మ చెప్పింది. మందు కంపు తెలియకుండా కషాయంలో కలుపుకుని ఉంటాడని ఎస్సై అన్నాడు.

"చచ్చేవాడికి కంపుతో పనేందండీ? కంపు తెలవకూడదని చూసేది తాగేవాడు కాదు, తాగించేవాడు." ఆమె పొయ్యి వైపు చూసింది. పొయ్యిలో బూడిద లేదు. డబ్బాలన్నీ మూతలు తీసింది. ఒక్కదాంట్లో కూడా మిరియపు గింజ లేదు. "కషాయం బయట నుంచి వచ్చింది."

"ఊళ్ళో కాఫీ హోటళ్ళు లేవా ఏంది?"

"హోటలోడు కషాయం అమ్మడండీ. సరే, పెట్టేది?"

ఎస్సై అటూ ఇటూ చూశాడు. అంత పెద్ద చెక్కపెట్టె, దాంట్లో పరిచిన వరిగడ్డి, రెండూ గదిలో లేవు. ఆదెమ్మ పొయ్యిలో పెట్టుకుని ఉంటుందన్నాడు. ఆదెమ్మ వసారాలో కూర్చుని దగ్గుతున్నది. డెబ్భై ఏళ్ళ మనిషి, ముక్కుపొడి వేళ్ళు. ఫిలోమినా వెళ్ళి పెట్టె గురించి అడిగితే, తాను ఎవర్నీ చూడలేదనీ, ఏ పెట్టే ఎరగననీ, అడగని దానికి కూడా జవాబు చెప్పేసి మళ్ళీ దగ్గు అందుకుంది. ఎవరైనా వచ్చారా అని ఫిలోమినా ఇంకా అడగనే లేదు. ఆ మాట మనసులో పెట్టుకుని వెనక్కి వచ్చి పెంకుల ముందు కూర్చుంది.

ప్లేటు పగిలినా నడిమి భాగం మాత్రం లేబుల్ పట్టుకుని బిళ్ళలాగా మిగులుతుంది. ఆమె బిళ్ళలన్నీ ఏరి వరసగా పేర్చింది. ఎస్సై గడియారం చూసుకుంటూ ఉన్నాడు. పేర్చడం అయ్యేసరికి తొమ్మిదీ యాభై. బిళ్ళలు అరవై రెండు. మిగతా నూట ముప్ఫై ఎనిమిది ఏవని అడిగితే, పొడి అయి ఉంటాయన్నాడు.

అన్నిటి మీదా నీలం కాగితం లేబుల్. ఫిలోమినా కూడబలుక్కుంది. "గా-నం. గు-ర-జా-ల. కృ-పా-వ-రం." తర్వాత ప్రేమమ్మను అడిగింది, ఈ లేబుళ్ళు మద్రాసు నుంచే అంటించి వస్తాయా అని.

రావని ప్రేమమ్మ చెప్పింది. కంపెనీ వాళ్ళు బోడి ప్లేట్లే పంపుతారు. లేబుళ్ళు ఇక్కడే అచ్చు వేయించుకుని, రెండువైపులా ఒక్కొక్కటీ చేత్తో అంటించి, పైన రాయి పెట్టి నీడన ఆరబెట్టాలి. ఆ తర్వాత తాటాకు రంగు కాగితంతో సంచి కుట్టి, కోటప్పకొండ తిరునాళ్ళలోనూ క్రైస్తవ సభల దగ్గరా అమ్మాలి. అంటించే పనికే మూడు రోజులు పడుతుందని మొగుడు చెబితే, సాగర్ గట్టు మీద తుమ్మచెట్లకు గీట్లు పెట్టి డబ్బాడు బంక పోగు చేసి పంపింది.

ఫిలోమినా లేచి నిలబడింది. "ఎస్సైగారూ, పెట్టె మూత తియ్యంగానే అన్నీ ముక్కలన్నారు."

"అన్నా."

"విరిగిన ప్లేట్లకి కూర్చుని లేబుళ్ళు అంటించింది ఎవరు?"

ఎస్సై మూర్ఖుడేం కాదు. ఒక్క నిమిషంలోనే దారి వెతుక్కున్నాడు. ప్లేట్లు బాగానే వచ్చాయి, అంటించాడు, తర్వాత ఎవరూ కొనరని దిగులు పట్టి తనే పగలగొట్టాడు.

"మూడు రోజుల పని మూడు గంటల్లోనా?" ఆమె ఒక బిళ్ళ మీద నీళ్ళు చిలకరించి, నానిన లేబుల్ మెల్లగా ఊడదీసింది. దాని కింద ఇంకో లేబుల్ ఉంది. ఎర్రది, పాతది, అక్షరాలు సగం అరిగిపోయినది. ప్రేమమ్మ ఆ బిళ్ళ అందుకుని బంక వాసన చూసి, నాలిక చివర ఆనించింది.

"ఇది మైదా. మాది కాదు. మా డబ్బా అదిగో, మూతైనా తియ్యలా." ఆమె వేలితో పెంకు మీద రాసింది. "ఇయ్యి బూడిద రంగు తిరిగినయ్యి. ముల్లు తిరిగీ తిరిగీ అరిగిన ప్లేట్లు. కొత్తయ్యి ఇట్టా ఉండవు, నల్లగా మొహం కనపడాల."

ఎవరో అరవై రెండు పాత ప్లేట్ల మీద కొత్త లేబుళ్ళు అంటించి, పగలగొట్టి, శవం పక్కన పోశారు. అసలు ప్లేట్లు పోయాయని ఎవరూ వెతక్కుండా. ఫిలోమినా ఈ మాటే చెప్పింది. ఎస్సై మొహం గంటు పెట్టుకున్నాడు. పాత ప్లేట్లతో నేరం రుజువు కాదనీ, చంపినవాణ్ణి పన్నెండు లోపల చూపించకపోతే రిపోర్టు పోతుందనీ చెప్పి, స్టేషన్లో రైలు పని ఉందని సైకిలెక్కాడు.

లేబుళ్ళు అచ్చు వేయించింది ఎవరని ఫిలోమినా అడిగింది. ప్రభాకరరావు మాస్టారని ప్రేమమ్మ చెప్పింది. మిషన్ హైస్కూల్లో సంగీతం మాస్టారు. కృపావరానికి ఇంగ్లీషు రాదు గనక మద్రాసు కంపెనీకి ఉత్తరాలన్నీ ఆయనే రాసేవాడు. పాడేటప్పుడు తోడు కూడా వెళ్ళాడు. గోడ బయట పూడ్చిన రోజున సంఘమంతా మొహం చాటేస్తే, ఆయన ఒక్కడే వచ్చి కీర్తన పాడి ఏడ్చాడు.

అరిగిపోయిన ప్లేట్లు గంపెడు ఉండేది మైకుసెట్ల కొట్లో. పేటలో పెద్ద కొట్టు చలమయ్యది. నడుచుకుంటూ పదకొండింటికి ఇద్దరూ అక్కడికి చేరారు. ప్రేమమ్మ అలవాటు కొద్దీ వీధిలోనే ఆగిపోయింది. ఫిలోమినా చెయ్యి పట్టుకుని మెట్టెక్కించింది. చలమయ్య ఆ మెట్టు వైపొకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

కృపావరం మంచివాడనీ, పాట కూడా మంచిదేననీ, పెట్టె రాకముందే, మద్రాసు నుంచి తెచ్చుకున్న నమూనా ప్లేటు అమ్మిపెట్టమని ఇచ్చి పోయాడనీ చలమయ్య అడక్కుండానే చెప్పాడు. గురజాల అనే పల్లె మనిషి ఇంటిపేరు చూస్తే పెళ్ళిళ్ళవాళ్ళు ప్లేటు ముట్టుకోరు, పేరు తీసేసి కొట్టు పేరు వేస్తే అమ్ముతానన్నాడట. అందుకు కృపావరం ఒప్పుకోలేదట. అది తన తప్పేమీ కాదన్నట్టు చేతులు తిప్పాడు.

"శెట్టిగారూ, ఆ పైఅరలో ఏముండేయి?"

"ఏం లేవమ్మా, ఖాళీ అర."

"ఖాళీ అరకి దుమ్ము అంతటా ఒక్కతీరున పడుద్ది. ఇది నడిమధ్యన తుడిచినట్టుంది."

అరిగిన ప్లేట్లుండేవనీ, పారేశాననీ అన్నాడు. ఎన్ని అంటే, ఎవరు లెక్కపెట్టారన్నాడు.

"నేను లెక్కపెట్టా పొద్దున. అరవై రెండు. శవం పక్కన పడున్నయ్యి, మీ కొట్టు సరుకు."

చలమయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఫిలోమినా తొందరపెట్టలేదు. జైల్లో నేర్చుకున్నది అదే. నిజం గొంతు దాకా వచ్చినప్పుడు మనం మాట్లాడకూడదు. కాసేపటికి అతనే మొదలుపెట్టాడు. బుధవారం పొద్దున ప్రభాకరరావు మాస్టారు వచ్చి, వేడినీళ్ళలో ముంచి వంచితే పాత ప్లేట్లు పూలగిన్నెలవుతాయి, బళ్ళో పిల్లల చేత చేయిస్తానని అన్నీ రిక్షాలో వేయించుకుపోయాడు. శనివారం మళ్ళీ వచ్చి నమూనా ప్లేటు ఇచ్చెయ్యమన్నాడు. ఎక్కడ పెట్టానో కనపడలేదని పంపేశాడు చలమయ్య. మద్రాసు కంపెనీ ఆ రాళ్ళ పాటను తన సొంత పేరు మీద దేశమంతా అమ్ముతానన్నదనీ, పాట కట్టినవాడి సంతకం మాత్రం కావాలన్నదనీ, ఆ కట్టినవాడు తానేననీ మాస్టారు చెప్పాడట.

"మరి ప్లేటు ఎందుకివ్వలా?"

"పల్లె మనిషిని పేరు తీసెయ్యమంటే నా మొహం మీద కాదన్నాడమ్మా. ఈయనేమో చచ్చినవాడి ప్లేటు కోసం మూడోరోజే వచ్చాడు. నాకేదో ఒళ్ళు గగుర్పొడిచింది." అతను గల్లాపెట్టె కింద నుంచి గుడ్డలో చుట్టిన ప్లేటు తీశాడు.

అది నల్లగా ఉంది. మొహం కనపడేంత నల్లగా.

ప్రేమమ్మ ఆ ప్లేటు ఇంతవరకూ వినలేదు. ఇంట్లో గ్రామఫోను లేదు. కొట్టు మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. చలమయ్య కీ ఇచ్చి, ముల్లు దించాడు. గరగరమని కాస్త చప్పుడు. తర్వాత నాలుగు రోజుల క్రితం చచ్చిపోయినవాడు గొంతు విప్పాడు.

*రాయి మోసే తలకు చుట్టకుదురే కిరీటం,*
*నీళ్ళు పారే నాటికి నేనుంటనో ఉండనో.*

ప్రేమమ్మ ఏడవలేదు. చెయ్యి చాపి, తిరుగుతున్న ప్లేటుకు బెత్తెడు దూరంలో ఆపింది. పాట మూడు నిమిషాలుంది. ఆఖరి చరణం అయిపోగానే చలమయ్య చెయ్యి ముల్లు ఎత్తబోయింది. మైకుసెట్టువాళ్ళకది అలవాటు. ముల్లు అరక్కుండా, చివరి గీతల మీద తిరగనివ్వరు. ఫిలోమినా అతని మణికట్టు పట్టుకుంది.

"తిరగనియ్యండి."

ఖాళీగా రెండు చుట్లు తిరిగింది. ఫిలోమినా చిన్నప్పుడు విన్న పాతకాలం ప్లేట్లలో పాడినవాళ్ళు చివర తమ పేరు తామే చెప్పుకునేవాళ్ళు. లేబుల్ ఊడినా పేరు ఊడదని కృపావరం కూడా అదే పట్టుబట్టి పెట్టించుకున్నాడు.

"పాడినవాడు గురజాల కృపావరం. పాట కట్టింది నా భార్య ప్రేమమ్మ. సాగర్ పనిలో రాళ్ళు మోస్తది."

ముల్లు నడిమికి పోయి ఆగింది. చలమయ్య తల ఎత్తి ప్రేమమ్మను మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఈ మాట నాకు చెప్పలా ఆయన," అంది ప్రేమమ్మ. "తట్ట మోసేటప్పుడు ఏదో పాడుకునేదాన్ని. బాగుందే అనేవాడు. అంతే."

చలమయ్య మెల్లగా ప్లేటు తీసి ఆమె చేతికిచ్చాడు. ఫిలోమినా మాత్రం లెక్క వేసుకుంది. మద్రాసులో పక్కనే నిలబడి ఈ మాటలు విన్నవాడు ప్రభాకరరావు. పాట కట్టినదాని సంతకం ఉంటే గానీ కంపెనీ ముందుకు పోదు. మరి కట్టినది ఇక్కడ బతికే ఉంది.

"ప్రేమమ్మా, మాస్టారు నీ చేత ఏమన్నా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడా?"

"ఇయ్యాల పొద్దునే. ఆయన్ని గోడ లోపల పెట్టమని బిషప్ గారికి అర్జీ అంట. చదివి కూడా వినిపించాడు."

అది అర్జీ కాదని ఫిలోమినాకు తెలిసిపోయింది. ఏది చదివి వినిపించినా, ఆ కాగితం మీద ఉన్నది పాట మాస్టారికి రాసిచ్చినట్టే. ఇక ఆ వేలితో అతనికి పని లేదు.

"ఇంకేమన్నా ఇచ్చాడా?"

"మూడు రోజులనుంచి ముద్ద దిగటం లేదన్నానని, గొంతు తడుపుకోమని మరచెంబులో మిరియాల కషాయం తెచ్చాడక్కా. నాకు సయించలా. ఆదెమ్మత్త దగ్గి దగ్గి చస్తుందిగదాని ఆమెకిచ్చా. అన్నం తిని తాగమన్నా."

గోడ గడియారం పదకొండూ నలభై రెండు. మండుటెండలో రిక్షావాణ్ణి ఫిలోమినా ఎన్ని మాటలందో ఆమెకే తెలియదు. జైల్లో ఇరవై రెండేళ్ళు ప్రతి ఖైదీ కొంగు ముడీ విప్పి చూసిన మనిషి, పొద్దున ఆ ముసలిదాని పక్కన ఏముందో చూడలేదు. దగ్గు వింది, అబద్ధం పట్టుకుంది, అంతటితో తెలివి చాలనుకుంది.

పదకొండూ యాభై అయిదుకు వసారా ముందు దిగారు. ఆదెమ్మ స్తంభానికి జారగిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. కంచంలో మెతుకులు ఎండిపోతున్నాయి. పక్కన ఇత్తడి మరచెంబు. ఎస్సై వీరాంజనేయులు మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో రిపోర్టు పట్టుకుని, సాక్షి వేలిముద్ర కోసం ఆమెను తట్టి లేపుతున్నాడు.

ఫిలోమినా అతన్ని పక్కకు నెట్టి ముసలిదాని గడ్డం పట్టుకుంది. ఆదెమ్మ కళ్ళు విప్పి విసుక్కుంది.

"ఏందే మీ గోల? కాసేపు కునుకు తియ్యనియ్యరా. ఆ చెంబు మూత తిప్పీ తిప్పీ నా వేళ్ళు పడిపోయినయ్. ఈ ఎస్సైని తియ్యమంటే వేలిముద్ర వెయ్యి, అప్పుడు తీస్తానంటాడు."

ఫిలోమినా కొంగుతో మొహం తుడుచుకుని, చెంబు ముసలిదాని కళ్ళముందు పెట్టి, గురువారం కృపావరానికి కషాయం తెచ్చిన చెంబు ఇదేనా అని అడిగింది. దీంట్లో ఏముందో కూడా చెప్పింది. ఆదెమ్మ చెంబును దూరంగా తోసింది. తర్వాత చెప్పింది. గురువారం ఒంటిగంటకు ప్రభాకరరావు మాస్టారు రిక్షాలో రెండు గోనె సంచులూ ఈ చెంబూ తెచ్చాడు. రెండింటికి చెక్కపెట్టెతో వెళ్ళాడు. వచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆయన మాట మీదే ఆమె మనవరాలికి హాస్టల్లో సీటు నిలిచి ఉంది.

"అబద్ధం," అన్నాడు ఎస్సై. "ఆయన పెద్దమనిషి. ఇది ఉత్త కషాయం."

ఫిలోమినా చెంగుతో మూత గట్టిగా పట్టి తిప్పింది. మర కీచుమని వదిలింది. మిరియాల ఘాటు గుప్పుమంది. ఆమె చెంబును అతని రిపోర్టు మీద పెట్టింది.

"ఉత్త కషాయమైతే ఒక గుక్క తాగి ఆ రిపోర్టు పంపించండి. పన్నెండు ఇంకా కాలా."

వీరాంజనేయులు చెంబు వంక చూశాడు. అతను చెంబు ముట్టుకోలేదు. దాని కింద నుంచి రిపోర్టు మెల్లగా లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"ఎక్కడున్నాడు మాస్టారు?" అని అడిగింది ఫిలోమినా.

"పదకొండూ ఇరవై రైలుకి పోయాడు. మద్రాసు." అతను జేబులో రిపోర్టు తడుముకున్నాడు. "చెక్కపెట్టె బరువుగా ఉంది, కూలీ దొరకలేదన్నాడు. ఒక పక్క నేనే పట్టి ఎక్కించా."

గుంటూరుకు ఫోను చేసి బండి ఆపించాలని అతను సైకిలు వైపు పరిగెత్తబోయాడు. ప్రేమమ్మ అడ్డంగా నిలబడి ఉంది. గుడ్డలో చుట్టిన ప్లేటు పసిబిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుంది. ఆమెకు రైలు పట్టలేదు, మాస్టారు పట్టలేదు, మద్రాసు కంపెనీ పట్టలేదు.

"అయ్యా," అంది. "అయితే ఆయన్ని గోడ లోపలికి తెస్తారా?"

ఠాణాలో పన్నెండు కొట్టారు. ఎస్సై తల వంచుకుని, ఆమెను చుట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు.